దాపటి ఎద్దు పేరేంటి? ఒక రైతు బతుకును రాసిపెట్టిన అనుభవం

పెద్దకర్మ కార్డు కోసం ప్రెస్సుకు వెళ్తే మాటలు అక్కడ సిద్ధంగానే ఉంటాయి. కష్టజీవి, నిరాడంబరుడు, అజాతశత్రువు, పాడిపంటలే ప్రాణంగా బతికినవాడు. పేరూ ఫొటో మారిస్తే చాలు. మా పెదనాన్న కార్డూ అలాగే వచ్చింది. గుండ్లకమ్మ ఒడ్డున నల్లరేగడి సేద్యం చేసి, యాభై ఏళ్ళకు పైగా ఒంగోలు జాతి పశువులను సాకిన మనిషి కార్డులో ఒక్క ఎద్దు పేరు లేదు, ఒక్క చేను పేరు లేదు. సంవత్సరీకంలోపు ఆయన బతుకును సరిగ్గా రాసిపెట్టాలని ఇంట్లో అనుకున్నాం. పదకొండు నెలలు పట్టింది. ఏం చేశామో, ఎక్కడ పప్పులో కాలేశామో, ఇంకోసారి చేస్తే ఏం మార్చుకుంటామో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి నెల మొత్తం ఊరికే పోయింది. తప్పు మా ప్రశ్నలదే. "పెదనాన్న ఎలాంటివాడు?" అంటే "బంగారం లాంటి మనిషి" అంటారు. "ఏం చేసేవాడు?" అంటే "ఏం జేస్తాడు నాయనా, సేద్యం" అంటారు. కాఫీ తాగి లేచి రావడమే. వాళ్ళు దాచిందేమీ లేదు. పుట్టినప్పటి నుంచీ సేద్యంలో ఉన్నవాళ్ళకు అది ఒకరికి చెప్పాల్సిన సంగతిగా తోచదు.

ఆయన దగ్గర పదిహేనేళ్ళు జీతం చేసిన తాత ఒకాయన పక్క ఊళ్ళో ఉన్నాడు. రెండోసారి వెళ్ళినప్పుడు, లేవబోతూ, "తాతా, ఆ పెద్ద జతలో దాపటి ఎద్దు పేరేంటి?" అని ఊరికే అడిగాం. "దాపటిది రావుడు, ఎలపటిది బీవుడు" అని మొదలుపెట్టి గంటన్నర ఆపలేదు. ఏ సంతలో కొన్నారు, ఎంతకి కొన్నారు, ఏది మొండి, ఏది సాధువు, ఆ ఏడు ఏ చేలో ఏం వేశారు, ఎవరింట్లో పెళ్ళికి ఆ బండి కట్టారు, అన్నీ అందులోనే వచ్చాయి. అక్కడి నుంచి పద్ధతి మార్చేశాం. మనిషి గురించి అడగడం మానేసి ఎద్దు గురించి, చేను గురించి, విత్తనం వేసే గొర్రు గురించి అడిగాం.

తెలియనివాళ్ళ కోసం: కాడికి ఎడమ పక్కన కట్టే ఎద్దు దాపటిది, కుడి పక్కన కట్టేది వెలపటిది. కోడెను కాడి మప్పేటప్పుడే దాని పక్క ఖాయం చేస్తారు. ఆ తర్వాత సాధారణంగా మార్చరు. మారిస్తే రెండూ తడబడతాయి, కాడి ఒక పక్కకు వాలుతుంది, సాలు వంకర పోతుంది. అందుకే ఎద్దు పేరు గుర్తున్నవాడికి దాని పక్క కూడా గుర్తుంటుంది.

పనికొచ్చిన ప్రశ్నలు ఇలాంటివి. మొదటి జత ఎవరు కొనిచ్చారు? ఏ వడ్రంగి నాగలి చేశాడు, ఏ కర్రతో? కర్రు కొట్టించడానికి ఎవరి కొలిమికి పోయేవారు? ఊళ్ళో మీకంటే ముందు విత్తనం పట్టేది ఎవరు? అమ్మాక ఏడిపించిన పశువు ఏది? గాలికుంటు వచ్చిన ఏడు ఏం చేశారు? చివరిసారి కాడి ఎప్పుడు దించారు? ఈ ఆఖరి ప్రశ్నకు మాత్రం తొందరపడి వెళ్ళకూడదు. ట్రాక్టరు వచ్చి ఎద్దులను అమ్మేసిన రోజు చాలామంది రైతులకు ఇంట్లో మనిషి పోయిన రోజుతో సమానం. ముందే అడిగితే ఆ పూట మిగతా మాటలు రావు.

ఎవరిని అడగాలన్నదీ ముఖ్యమే. కొడుకులకు తెలిసింది తక్కువ, వాళ్ళు చదువులకు పోయారు. జీతగాడికి పని తెలుసు. కమ్మరికీ వడ్రంగికీ పనిముట్లు తెలుసు. పశువుల ఆసుపత్రిలో పాత కాంపౌండరుకు రోగాలు తెలుసు. సంతలో బేరాలు కుదిర్చిన దళారికి ధరలూ, పశువు ఒంటి మీది సుడులూ తెలుసు. వీళ్ళందరికంటే ఎక్కువ తెలిసింది పెద్దమ్మకు. ఎవరూ ఆమెను అడగరు, ఆమె అంతట ఆమె చెప్పదు. పాలు పితికింది, విత్తనం బూడిద కలిపి దాచింది, ధాన్యపు గుమ్మి అడుగు ఎప్పుడు కనిపించిందో చూసింది, కూలీల లెక్క గోడ మీద బొగ్గుతో గీసింది ఆమే. మేము ఆమెతో ఆరోసారికి గానీ కూర్చోలేదు. మొదట కూర్చోవాల్సింది అక్కడే.

రికార్డింగుకు ఫోను సరిపోతుంది. ఫ్యాను ఆపేయాలి, ఫోనును మడిచిన తువ్వాలు మీద పెట్టాలి, లేకపోతే మంచం కిర్రుమన్న చప్పుడే వినిపిస్తుంది. మొదట మన గొంతుతో తేదీ, ఊరు, మాట్లాడుతున్నది ఎవరో చెప్పాలి. నలభై నిమిషాలు దాటాక పెద్దవాళ్ళు అలసిపోయి అవును, కాదుల్లోకి దిగుతారు, అక్కడ ఆపడం మేలు. అదే రోజు ఇంకో ఫోనులోకో కంప్యూటర్లోకో కాపీ చేయాలి. మాది ఒక గంట మాట ఫోను పాడై పోయింది, ఆ పెద్దాయన మళ్ళీ అదే ఊపుతో చెప్పలేదు. రాతలోకి దించడానికి గంట మాటకు ఐదారు గంటలు పడుతుంది. రెండు రోజుల్లోపు దించితే అర్థం కాని మాట ఎవరిదో ఏమిటో గుర్తుంటుంది. వాళ్ళు ఎలపట అంటే ఎలపట అనే రాశాం, దిద్దలేదు.

తర్వాతి చిక్కు ఏళ్ళు. పెదనాన్న ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1. ఆ వయసువాళ్ళలో చాలామందికి అంతే, అది రాసినవాళ్ళ సౌకర్యం. మా నాయనమ్మ మాత్రం "పార్థివలో, సంక్రాంతి ముందు" అనేది. పార్థివ అంటే 1945 ఉగాది నుంచి 1946 ఉగాది దాకా. సంక్రాంతి ఆ ఏడాది చివర్లో పడుతుంది కాబట్టి ఆయన పుట్టింది 1946 జనవరి మొదట్లో. ఇక్కడే చాలామంది పొరబడతారు. సంవత్సరం పేరు చూసి 1945 అని రాసేస్తారు, జనవరి నుంచి ఉగాది లోపల పుట్టినవాళ్ళకు ఒక ఏడు ముందుకు జరపాలని మరిచిపోతారు. అరవై ఏళ్ళ చక్రం కాబట్టి పార్థివ 2005లోనూ వచ్చింది. ఏ చుట్టో తేల్చుకోవడం మనిషి వయసును బట్టి కష్టం కాదు, కానీ తాతముత్తాతల దగ్గరికి వెళ్ళేసరికి అరవై ఏళ్ళ తేడా సులువుగా దొర్లుతుంది.

నెలలు ఎవరూ చెప్పరు, కార్తెలు చెబుతారు. కార్తె సుమారు 13, 14 రోజులు. మృగశిర జూన్ 7, 8 ప్రాంతంలో వస్తుంది, ఆరుద్ర జూన్ 21, 22కి, మఖ ఆగస్టు నడుమ, పుబ్బ ఆగస్టు చివర, స్వాతి అక్టోబరు చివరి వారంలో. సూర్యుడి లెక్క కాబట్టి ఏటా ఒకటి రెండు రోజుల తేడాతో అవే తేదీలు. "మఖా పుబ్బలు వరుపైతే మహా కరువు" అన్న సామెత చెప్పి, "ఆ ఏడే పెద్దావును అమ్మాం" అంటే, ఆగస్టు నడుమ నుంచి సెప్టెంబరు నడుమ దాకా వాన లేని ఏడు అన్నమాట. మేత లేక అమ్మారు.

ఏడు తేల్చడానికి ఊరంతా ఒప్పుకునే గుర్తులు కొన్ని ముందే కాగితం మీద పెట్టుకున్నాం. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్. సాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19. కరణాలూ మునసబులూ పోయింది 1984 జనవరి. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985. మళ్ళీ పెద్ద తుపాను 1990 మే. "తుపాను ఏడు" అని ఎవరైనా అంటే వెంటనే ఏడు రాయకూడదు, ఏ తుపానో అడగాలి. "అప్పుడు చేలో ఏముంది?" అంటే చాలు. పొగాకు మొక్క నాటి ఉన్నామంటే నవంబరు, 1977. చేను ఖాళీగా ఉంది, గడ్డివామి ఎగిరిపోయింది అంటే మే నెల, 1990. పంట అబద్ధం చెప్పదు.

కాగితాల సంగతికి వస్తే, పెట్టె తెరవగానే అన్నీ ఒకేచోట కుప్ప పోయకండి. ఏ కట్ట ఏ గుడ్డలో ఉందో అలాగే ఫొటో తీయండి. కలిపి కట్టారంటే వాటికి ఏదో సంబంధం ఉంటుంది. మాకు ఒక ఎర్రగుడ్డ కట్టలో ఒకే అప్పుకు సంబంధించిన నాలుగు ప్రాంసరీ నోట్లు దొరికాయి, సుమారు మూడేళ్ళకొకటి. నోటుకు మూడేళ్ళ కాలదోషం ఉంటుంది కాబట్టి గడువు దాటకముందే కొంత కట్టి చెల్లు రాయించుకుంటారు, లేకపోతే పాత నోటు తీసుకుని కొత్తది రాస్తారు. ఆ నాలుగు కాగితాలు వరుసగా పెడితే పదకొండేళ్ళ పాటు ఒక ఇంటిని ఒక బాకీ ఎలా పట్టుకుందో కనిపిస్తుంది. నోటు కింద దస్తూరి ఎవరిదో, సాక్షులు ఎవరో కూడా చూడాలి. అన్ని నోట్లలోనూ అదే సాక్షి ఉంటే ఆయన పెదనాన్నకు ఎంత దగ్గరివాడో తెలుస్తుంది. అలా మాకు తెలియని ఒక స్నేహితుడు బయటపడ్డాడు.

భూమి కాగితాల్లో ఒక చేనుకు మూడు పేర్లు ఉంటాయి. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, చింతచెట్టు చేను అనో పడమటి చెక్క అనో. సర్వే నంబరూ దాని సబ్‌డివిజనూ రెండోది. రీసర్వే జరిగిన ఊళ్ళలో ల్యాండ్ పార్సెల్ నంబరు అని కొత్తది ఇంకోటి. మూడూ ఒక వరుసలో రాయాలి. ఇప్పుడు రాయకపోతే ఇంకో పాతికేళ్ళకు పాత దస్తావేజులోని నంబరు ఏ చేనుదో చెప్పేవాళ్ళుండరు. ఎఫ్.ఎం.బి. అనే సర్వే శాఖ చేను పటంలో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. సెంటుకు 1,000 చదరపు లింకులు, ఎకరానికి లక్ష. ఇది తెలియక మావాళ్ళు ఆ అంకెలను అడుగులనుకుని, చేను తగ్గిపోయిందని రెండు రోజులు కంగారు పడ్డారు.

పాత రికార్డు కోసం వెళ్ళేటప్పుడు ఆ ఏడు మీ ఊరు ఏ జిల్లాలో ఉందో చూసుకోవాలి. 1970కి ముందు ఒంగోలు, అద్దంకి వైపు గుంటూరు జిల్లా, కందుకూరు, కనిగిరి వైపు నెల్లూరు జిల్లా, మార్కాపురం వైపు కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్లో మళ్ళీ మారింది, అద్దంకి వైపు బాపట్ల జిల్లాకు పోయింది. మేము ఒక ఆఫీసులో మూడు వారాలు తిరిగాక, ఆ రిజిస్టరు అక్కడ ఉండే అవకాశమే లేదని తెలిసింది. ఆన్‌లైన్లో ఇ.సి., అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది చేత్తో వెతికించుకోవాలి. అందరూ మరిచిపోయే కాగితం ఇంకొకటి ఉంది: 1973 భూసంస్కరణల చట్టం కింద ఇచ్చిన డిక్లరేషన్. 1975లో ఆ కుటుంబానికి ఉన్న ప్రతి చెక్కా, మెట్టా మాగాణీ విడివిడిగా, అందులో రాసి ఉంటుంది. నకలు ఇంట్లో దొరికితే అది బంగారమే.

కాగితాలకు లామినేషన్ మాత్రం చేయించకండి. వేడికి పాత సిరా మసకబారుతుంది, మళ్ళీ ఊడదీయలేరు. సెల్లోటేపూ వద్దు, పదేళ్ళకు పసుపు జిగురు దిగి కాగితాన్ని తింటుంది. మడతలు మెల్లగా విప్పి, నీడపట్టున పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, నిటారుగా పైనుంచి ఫొటో తీస్తే చాలు. ఫొటోల వెనుక స్టూడియో ముద్ర ఉంటుంది, దాన్నీ తీయాలి. పెళ్ళి ఫొటోలో అంచున నిలబడ్డ ఎద్దు కొమ్ములు చూసి అది ఏ జతో జీతం తాత గుర్తుపట్టాడు.

కొలతల గురించి కొంచెం నిలబడి చెప్పాలి. ఇంట్లో చేసే రాతలు ఎక్కువగా ఇక్కడే పాడవుతాయి. పుట్టి అంటే 20 తూములు, తూము అంటే 4 కుంచాలు, కుంచం అంటే 4 మానికలు. పుస్తకం లెక్క ఇది. కానీ ఏ ఊరి కుంచం ఆ ఊరిది. నెల్లూరు వైపు ధాన్యం పుట్టి అంటే 850 కిలోలు, ఆ అంకె తెచ్చి మన ఊరి జొన్నకు పెడితే అంతా తలకిందులే. మేము అటక మీది ఇనుప కుంచం దించి, అంచుకు సమంగా జొన్నలు పోసి కాటా వేసి, వచ్చిన బరువునే ఆ ఇంటి లెక్కకు వాడాం. పెద్దమ్మ "పూటకి చెంబున్నర ఇచ్చేది" అన్న ఆవుకూ అంతే. ఆ చెంబు ఇంకా వంటింట్లో ఉంది. నీళ్ళు పోసి కొలిస్తే లీటరుంపావు. అంటే రెండు పూటలా కలిపి మూడు లీటర్ల ముప్పావు, దూడ తాగగా. ఒంగోలు ఆవుకు అది మామూలే. "కడివెడు పాలిచ్చేది" అని రాసి ఉంటే చదివేవాళ్ళకు ఏమీ తెలిసేది కాదు. బరువుల్లో వీశె అంటే 120 తులాలు, సుమారు కిలో 400 గ్రాములు. 8 వీశెలు మణుగు, 20 మణుగులు బారువ, అంటే సుమారు 224 కిలోలు. మిరపకాయల పాత లెక్కలన్నీ బారువల్లోనే ఉన్నాయి.

జొన్న పాతర ఎక్కడుండేదో కూడా పటంలో గుర్తు పెట్టాం. ఇంటి ముందు వాకిట్లోనే. నల్లనేలలో లోతుగా తవ్వి, చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి మన్ను మెత్తేవారు. తీసేటప్పుడు మూత తెరిచి పూటంతా గాలి ఆడనివ్వాలి, తాడుకు దీపం కట్టి దించాలి, దీపం ఆరిపోతే మనిషి దిగకూడదు. గింజ ఊపిరి పీల్చి లోపలి గాలిని చెడగొడుతుంది. తొందరపడి దిగి చచ్చిపోయినవాళ్ళు ఈ ప్రాంతంలో ఉన్నారు. పాతర వాసన కొట్టే జొన్నన్నం తిన్నవాళ్ళు ఇప్పుడు డెబ్భై దాటినవాళ్ళే.

పొగాకు గురించి క్లుప్తంగానే రాశాం, దానికి కాగితాలు బాగానే ఉన్నాయి. పొగాకు బోర్డు 1976లో వచ్చింది, 1980ల నడుమ నుంచి వేలం చీటీలు ఉన్నాయి, బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) లైసెన్సు ఉంది. కాగితాల్లో లేనిది రాత్రి కాపలా. ఆకు పసుపెక్కే దశలో మంట తగ్గించి, ఈనె ఎండే దశకు వేడి 160 ఫారన్‌హీట్ దాకా పెంచుతూ ఐదారు రోజులు బ్యారన్ దగ్గరే పడుకోవాలి. కర్ర నుంచి ఒక్క ఎండాకు జారి వేడి గొట్టం మీద పడితే బ్యారన్ మొత్తం బూడిద. ఆయన నాలుగు దశాబ్దాల పాటు ఫిబ్రవరి, మార్చి రాత్రులు ఇంట్లో పడుకోలేదన్న సంగతి ఈ లెక్క వేస్తేనే తెలిసింది.

ఇక పశువులు. అసలు పని ఇక్కడే ఉంది, మూడు నెలలు దీనికే పోయాయి.

వంశవృక్షం పై నుంచి కిందికి రాయాలని చూస్తే ముడిపడుతుంది. ఇప్పుడు కొట్టంలో ఉన్న పశువు దగ్గర మొదలుపెట్టి "ఇది దేని దూడ?" అంటూ వెనక్కి పోవాలి. తల్లి వరుస అందరికీ గుర్తుంటుంది, తండ్రి వరుస పోతుంది. ఇప్పటి పశువులకు చెవికి పసుపు పోగు, దాని మీద 12 అంకెల నంబరు ఉంటాయి. సూది వేయించి చూడి కట్టించిన వాటికి ఆసుపత్రి చీటీ మీద ఆంబోతు నంబరు ఉండొచ్చు. అంతకు ముందు తరాలకు ఊరి ఆంబోతు పేరే దిక్కు.

వయసుకు పళ్ళే సాక్ష్యం. కింది దవడ ముందు పళ్ళు ఎనిమిది. పాలపళ్ళు ఊడి, రెండు రెండున్నర ఏళ్ళకు మొదటి జత వస్తుంది, అది రెండు పళ్ళ కోడె. మూడేళ్ళ ప్రాంతంలో నాలుగు, నాలుగేళ్ళకు ఆరు, ఐదేళ్ళకు ఎనిమిది పళ్ళూ వచ్చి నోరు కలుస్తుంది. మేతను బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ అవుతుంది. "నాలుగు పళ్ళ మీద కొన్నాం, ఆరేళ్ళు కట్టాం" అంటే, అమ్మేనాటికి తొమ్మిదేళ్ళు. బండలాగుడు పందేల షీల్డులూ ఇందుకు పనికొస్తాయి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ విభాగాలు పెడతారు కాబట్టి షీల్డు మీది ఏడూ విభాగమూ చూస్తే ఎద్దు పుట్టిన ఏడు వచ్చేస్తుంది.

ఆవులకైతే ఈతల లెక్క. ఒంగోలు పెయ్య తొలిచూలు ఈనేసరికి సుమారు నాలుగేళ్ళు, ఆ తర్వాత ఏడాదిన్నరకో ఈత అనుకోవచ్చు. ఏడో ఈత దూడ అంటే తల్లికి అప్పటికి పదమూడేళ్ళు. ఇలా వెనక్కి లెక్క వేస్తే ఐదు తరాల ఆవులు దొరికాయి. ఒక తరం దగ్గర లెక్క పొసగలేదు, తల్లి పుట్టకముందే కూతురు పుట్టింది! గౌరి అన్న పేరుతో రెండు ఆవులున్నాయని తర్వాత తేలింది. పెద్ద గౌరి పోయాక అదే పేరు మనవరాలికి పెట్టారు. మనుషులకు పెట్టినట్టే.

ప్రతి పశువుకూ కొన్ని సంగతులు మాత్రం తప్పకుండా రాశాం. ఇంట్లో పుట్టిందా, కొన్నదా. కొన్నదైతే ఏ సంత, ఎన్ని పళ్ళ మీద, ఎంతకు. కొమ్ములు ఎటు తిరిగాయి, సుడులు ఎక్కడున్నాయి, కంటి చుట్టూ కాటుక నిండుగా ఉందా, ముట్టె నలుపేనా, తోక కుచ్చు నలుపా తెలుపా, గంగడోలు ఎంత జారింది, మూపురం నిటారా ఒరిగిందా. ఎప్పుడు ముక్కు కుట్టారు, ఎప్పుడు విత్తులు కొట్టించారు. ఏ పనికి మంచిది. ఎలా పోయింది: అమ్మారా, ముసర (రిండర్‌పెస్ట్) అనే అంటురోగంలో పోయిందా, ముసలిదై కొట్టంలోనే పోయిందా. ముసర ఇప్పుడు లోకంలోనే లేదు, 2011లో నిర్మూలన అయినట్టు ప్రకటించారు. కానీ ఆ పేరు చెబితే జీతం తాత ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతాడు.

బ్రెజిల్ సంగతి ఎంత రాయాలని ఇంట్లో పెద్ద వాదన జరిగింది. 1960ల మొదట్లో కరవది ఊరి ఆంబోతు బ్రెజిల్‌కు పోయింది, అక్కడ దాని సంతానం మందలు మందలైంది, ఆ జాతిని వాళ్ళు నెలోర్ అంటారు. నిజమే, గర్వపడాల్సిందే. కానీ పెదనాన్న పశువు ఏదీ ఓడ ఎక్కలేదు. పిల్లలు రెండు పేజీలు అడిగారు, ఒక్క వాక్యం ఉంచాం.

ఎక్కువ రాయాల్సింది ఊరి ఆంబోతు గురించి. ఇంట్లో పెద్దాయన పోతే, ఆయన పేరున మంచి కోడెను ఎంచి, అచ్చు వేసి ఊరి మీదికి వదిలేవారు. వృషోత్సర్గం అంటారు. ఊరి పెద్దలు చూసి ఒప్పుకున్న కోడెనే వదలాలి. కాలు వంకరైనా, రంగు తేడా ఉన్నా కుదరదు. దానికి ఎవరి చేలో అయినా మేసే హక్కు ఉండేది, ఊళ్ళో ఆవులన్నీ దానికే కట్టేవి. ఒంగోలు జాతి అన్నేళ్ళు చెడకుండా నిలిచిందంటే ఈ ఎంపికకు అందులో పెద్ద వాటా ఉంది. పోయిన రైతును తలుచుకోవడానికి ఊరు చేసిన పని అది. తర్వాత పంటలూ మేత బీళ్ళూ మారాయి, చేలో పడ్డ ఆంబోతును కొట్టేవాళ్ళు వచ్చారు, ట్రాక్టరుతో కోడెకు గిరాకీ పోయింది. పెదనాన్నకు కోడెను వదలలేదు. వదిలితే ఎక్కడ మేస్తుంది?

పనిముట్ల విషయంలో ఒక తప్పు చేశాం. నాగలిని శుభ్రం చేసి వార్నిష్ కొట్టించి ఫొటో తీశాం. మేడి (నాగలి పిడి) మీద అరచేయి పట్టి పట్టి పడ్డ నున్నటి పల్లం వార్నిష్ కింద పోయింది. దుమ్ము దులిపి వదిలేస్తే సరిపోయేది. ప్రతి పనిముట్టుకూ భాగాల పేర్లు రాయించుకున్నాం. నాగలికి దుంప, మేడి, ఏడికోల, కర్రు. గొర్రుకు జడ్డిగం, వెదురు గొట్టాలు. కలుపు తీసే గుంటకకు పాస, అంటే అడుగున ఉండే ఇనుప పలక. బండి చక్రానికి నడుమ కుండ, ఆకులు, పూటీలు, చుట్టూ ఇనుప కమ్మి, ఇరుసు చివర సీల. ఒక్కో పూటీకి రెండేసి ఆకులు. ఎద్దుకు కాలికి రెండు చొప్పున ఎనిమిది నాడాలు. ట్రాక్టరు వచ్చాక దుక్కి ముందు పోయింది, బండి తర్వాత పోయింది. మొక్కల సాళ్ళ మధ్య గుంటక తోలడానికి మాత్రం ఎద్దులు చివరిదాకా ఉన్నాయి, అందుకే మా ఇంట్లో అన్నిటికంటే అరగని ఇనుము గుంటక పాసే. చివరి రోజుల్లో కొత్తది వేయించారు, ఏడాది తిరక్కముందే జతను అమ్మేశారు.

రాసేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. ప్రెస్సు కార్డులో ఉన్న ఏ విశేషణమూ రాకూడదు. కష్టజీవి అని రాయాలనిపిస్తే ఆ చోట ఒక రోజు పని రాయాలి: తెల్లవారుజామున చొప్ప నరకడం, కుడితి, దుక్కి, మధ్యాహ్నం పశువులను ఏట్లో కడగడం. ఆయన మంచి సంగతులే కాక, ఒకసారి గట్టు తగాదాలో ఏడేళ్ళు తమ్ముడితో మాట్లాడకపోవడం కూడా ఉంచాం. అది ఉండాలా వద్దా అన్నది తమ్ముడినే అడిగాం. ఉంచమన్నాడు. ఇద్దరు చెప్పింది వేరుగా ఉంటే రెండూ రాసి, ఎవరు చెప్పారో పక్కన పెట్టాం.

64 పేజీలు, 60 కాపీలు. ప్రతి కాపీలో చివర నాలుగు పేజీలు గీతలు కొట్టి ఖాళీగా వదిలాం, చదివినవాళ్ళు దిద్దడానికి.

సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక అరుగు మీద ఎవరో పైకి చదువుతుంటే, "దాపట రాముడు, వెలపట భీముడు" దగ్గర పెద్దమ్మ ఆపింది. "కాదయ్యా, దాపటిది భీముడు." అక్కడే ఉన్న జీతం తాత ఒప్పుకోలేదు. "అట్టెట్టమ్మా, పదిహేనేళ్ళు కాడి కట్టింది నేను." కొంచెం సేపు ఇద్దరూ మొండికేశారు. తర్వాత పెద్దమ్మే అడిగింది, "నువ్వు మా ఇంటికొచ్చేసరికి భీముడికి కన్ను పోయిందా లేదా?" పోయే ఉందన్నాడు తాత. జొన్న మోడు గుచ్చుకుని ఎడమ కన్ను పోయిందట. దాపట కడితే పోయిన కన్ను బయటి పక్కకు వస్తుంది, గట్టూ గుంతా కనపడవు, బెదురుతుంది. అందుకని పెదనాన్న దాన్ని వెలపటికి మార్చాడు, గుడ్డికన్ను రాముడి వైపు ఉండేలా. రెండూ కొత్త పక్కకు అలవాటు పడటానికి ఒక దుక్కి కాలం పట్టిందట. ఆ ఏడు సాళ్ళన్నీ వంకరేనని పెద్దమ్మ చెప్పింది. అప్పటికి పంచింది పోను మిగిలిన కాపీల్లో ఆ పేజీ మీద పెన్సిలుతో రాశాం: "ముందు దాపట భీముడు. కన్ను పోయాక వెలపటికి." పంచేసిన 22 కాపీలకు ఫోన్లు చేస్తున్నాం.